గడప దాటుటకు ఒక బండి

(మన పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



ఏటేట ఈ వేదికపై మనము మాతృభాషను గూర్చియు, పరీక్షా ఫలితములను గూర్చియు, భవననిధిని గూర్చియు మాటలాడుకొనుట వాడుక. ఈ యేడు సంఘమువారు మమ్ము మాటలాడుమని కోరినప్పుడు మేము వేఱొక విషయము నెంచుకొంటిమి. అది ఒక కుర్చీని గూర్చినది. మోటారుతో నడచు చక్రాల కుర్చీని గూర్చినది. పాఠశాల పండుగకును కుర్చీకిని సంబంధ మేమని మీలో కొందరికి తోచవచ్చును. ఆ సంబంధమును ముందుగా చెప్పి, పిదప కుర్చీ మాట చెప్పెదము.

మన పాఠశాలలో ఒక బాలుడు చదువుచుండెను. పేరు చెప్పము. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, రెండును చక్కగా మాటలాడువాడు. లెక్కలలో తరగతికి మొదటివాడు. రెండవ తరగతిలో పరుగెత్తునప్పుడు తఱచుగా పడుచుండెను. మూడవ తరగతిలో నేలమీదినుండి లేచుటకు మోకాళ్లపై చేతు లూనుకొనుచుండెను. వైద్యులు పరీక్షించి, డుషేన్ అను కండర క్షీణతా వ్యాధి యనిరి. ఐదవ తరగతికి వచ్చునప్పటికి తల్లి వానిని ఎత్తుకొని తెచ్చుచుండెను. మన పాఠశాల ముంగిట మూడు మెట్లు. తరగతి గదికి ఒక గడప. ఆమె ప్రొద్దుట ఎత్తుకొని ఎక్కించును. మధ్యాహ్నము మఱల వచ్చి మఱుగుదొడ్డికి తీసికొనిపోవును. సాయంకాలము ఎత్తుకొని దింపును. మన మందఱము ఆమె ఓర్పును మెచ్చుకొంటిమి. పిల్లవాడు పెరిగెను, ఆమె నడుము వంగెను. ఒక సోమవారము వాడు బడికి రాలేదు. ఆ తరువాత మఱి రాలేదు.

కొన్నాళ్లకు మేము ఆ యింటికి పోయితిమి. అప్పుడు ఆ తల్లి చెప్పిన మాట నేటికిని మా చెవులలో ఉన్నది. బడికి వచ్చిన దినములలో ఆ పిల్లవాడు ప్రొద్దుటినుండి సాయంకాలము వఱకు మంచినీళ్లు త్రాగెడివాడు కాడట. త్రాగినచో అమ్మను మఱియొకసారి పిలువవలసివచ్చునని వాని భయము. మేము వానిని, "నీకేమి కావలెను నాయనా?" అని అడిగితిమి. నడువవలెనని అనునేమో యనుకొంటిమి. వాడట్లు అనలేదు. "ఎవరినీ పిలవకుండా నీళ్లకుండ కాడికి పోవాల" అనెను.

అయ్యలారా, అమ్మలారా! మనము తల్లి ఓర్పును చూచితిమి గాని, మూడు మెట్లను చూడలేదు. తప్పు వానిది కాదు, ఆమెది కాదు, మనది. ఆ తప్పును ఒప్పుకొని, దిద్దుకొను దారిని వెదకుటకే ఈ ప్రసంగము.

ఇక కుర్చీ మాట. చేతులతో త్రోసికొను చక్రాల కుర్చీ చాల కాలమునుండి ఉన్నది. 1933లో అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్, హ్యారీ జెన్నింగ్స్ అను ఇద్దఱు ఇంజనీర్లు దానిని మడిచి కారులో పెట్టుకొనదగినదిగా చేసిరి. వారిలో ఎవరెస్ట్ గనిప్రమాదమున వెన్ను దెబ్బతిన్నవాడు. తనకు కావలసినదానిని తానే మిత్రునితో కలసి చేయించుకొనెను. అయితే ఆ కుర్చీ నడచుటకు చేతులలో బలముండవలెను. చేతులుకూడ పనిచేయనివారి మాట ఏమి?

రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ ప్రశ్న పెద్దదైనది. మెడవద్ద వెన్నుపాము దెబ్బతిన్న సైనికులు పూర్వము ఎక్కువకాలము బ్రతికెడివారు కారు. క్రొత్త మందులవలనను చికిత్సలవలనను వారు బ్రతికి ఇండ్లకు వచ్చిరి. ప్రాణము నిలిచినది, గదిలో ఒక మూలనుండి మఱియొక మూలకు పోవుటకు దారి లేదు. కెనడాలోని జాతీయ పరిశోధన మండలిలో జార్జి క్లైన్ అను ఇంజనీరు ఈ పనికి పూనుకొనెను. ఆయన రోగులతోను వైద్యులతోను కలసి పనిచేసి, 1950వ దశకము తొలి సంవత్సరములలో, రెండు చక్రములకు రెండు వేర్వేఱు మోటార్లు అమర్చి, ఒక చిన్న కడ్డీతో నడుపదగిన కుర్చీని తయారుచేసెను. 1955లో కెనడా ఆ నమూనాను అమెరికాకు ఇచ్చెను. 1956 నుండి ఎవరెస్ట్-జెన్నింగ్స్ కంపెనీ మోటారు కుర్చీలను పెద్దసంఖ్యలో చేయసాగెను.

ఇందు మనము గమనింపవలసినది ఒకటి కలదు. క్లైన్ కుర్చీని చేసి రోగి నందు కూర్చుండబెట్టలేదు. రోగి కేమి మిగిలియున్నదో చూచి కుర్చీని చేసెను. వ్రేళ్లలో కొంచెము కదలిక యున్నచో వ్రేళ్లతో నడుపునట్లు, అది లేనిచో మఱియొక అవయవముతో నడుపునట్లు ఆలోచించెను. పోయినదానిని లెక్కించుట వైద్యుని పని కావచ్చును; మిగిలినదానిని లెక్కించుట ఈ ఇంజనీరు పని.

ఇందుకు ఎడ్ రాబర్ట్స్ కథ చక్కని నిదర్శనము. ఆయన అమెరికావాడు. 1953లో పదునాలుగవ యేట పోలియో వచ్చి మెడ క్రింద దాదాపు కదలిక పోయెను. రాత్రులు ఇనుప శ్వాసయంత్రములో పండుకొనవలసియుండెను. అయినను 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున చేరెను. మొదట సహాయకుడు కుర్చీని త్రోయుచుండెను. ఎచ్చటికి పోయినను వెనుక ఒకడు నిలుచుండుటచే, తనకు ప్రియమైనవారితో నాలుగు మాటలు ఏకాంతముగా చెప్పుకొనుటకు వీలులేకపోయెను. ఆయన చేతిలో రెండు వ్రేళ్లకు మాత్రమే కదలిక. అదియు తనవైపు లాగుకొనుటకే గాని ముందుకు నెట్టుటకు కాదు. కనుక మోటారు కుర్చీ ఈయనకు పనికిరాదని తలచిరి. చివరకు చేసిన ఉపాయము చాల చిన్నది. నడుపు కడ్డీ పెట్టెను వెనుకకు త్రిప్పి బిగించిరి. లాగినచో బండి ముందుకు పోయెను! అంతే. ఆయన పిదప 1972లో బర్క్‌లీయందు స్వతంత్ర జీవన కేంద్రమును స్థాపించినవారిలో ముఖ్యుడై, 1975లో కాలిఫోర్నియా రాష్ట్ర పునరావాస శాఖకే అధిపతి యయ్యెను. ఒక పెట్టెను త్రిప్పి బిగించుటకు ఎంత ఖర్చగును? అయితే ఆ మనుష్యుని చేతిని శ్రద్ధతో చూచినవారు ఉండిననేగదా అది తోచును!

ఇప్పుడు ఆ బండి ఎట్లు పనిచేయునో క్లుప్తముగా చెప్పెదము. కుడి ఎడమ చక్రములకు చెఱియొక మోటారు. రెండును సమానముగా తిరిగినచో బండి తిన్నగా పోవును. ఒకటి ఎక్కువగాను ఒకటి తక్కువగాను తిరిగినచో ఒకవైపునకు తిరుగును. ఒకటి ముందుకును ఒకటి వెనుకకును తిరిగినచో ఉన్నచోటనే గుండ్రముగా తిరుగును. చేతిక్రింద నుండు కడ్డీని జాయ్‌స్టిక్ అందురు. దానిని కొంచెము వంచిన మెల్లగా, ఎక్కువ వంచిన వేగముగా పోవును. చేయి తీసినచో కడ్డీ తనంతట నిలువుగా లేచును, బండి ఆగును, బ్రేకులు తమంతట పట్టుకొనును. కావున పిల్లవాడు భయపడి చేయి వదలినను బండి ఆగునే గాని పరుగెత్తదు. చేతితో నడుపలేనివారికి గడ్డముతోను, తలతోను, గొట్టములో ఊపిరి ఊదుటతోను పీల్చుటతోను నడుపు ఏర్పాట్లు కూడ కలవు.

శక్తి నిచ్చునది బ్యాటరీ. పండ్రెండు వోల్టుల సీసపు బ్యాటరీలు రెండు కలిపి ఇరువదినాలుగు వోల్టులుగా వాడుట చిరకాలపు పద్ధతి. అవి చవుక, అయితే బరువు మెండు. అట్టి కుర్చీ బ్యాటరీలతో కలసి 50 నుండి 100 కిలోల వఱకు, ఒక్కొక్కప్పుడు అంతకుమించియు తూగును. లిథియం బ్యాటరీలు తేలిక, ధర ఎక్కువ. సీసపు బ్యాటరీని పూర్తిగా అడుగంట వాడి, రోజుల తరబడి ఎక్కింపక వదలినచో అది త్వరలో చెడిపోవును. రాత్రి పశువులకు మేత వేసి పండుకొనునట్లు, ఈ బండికిని రాత్రి విద్యుత్తు ఎక్కించి పండుకొనవలెను.

కుర్చీలు ఎన్ని రకములో, అవసరములును అన్ని రకములు. నడుము క్రింద చచ్చుబడి చేతులు బలముగా నున్నవానికి తేలికయైన చేతికుర్చీ చాలు. దూరము పోవుటకు మాత్రమే మోటారు కావలెను. మన బాలునివంటివానికి అది చాలదు. డుషేన్ వ్యాధి ముఖ్యముగా మగపిల్లలకు వచ్చును; పలువురు పండ్రెండవ యేటి ప్రాంతమున నడక కోల్పోవుదురు; భుజములును బలహీనమగును. చక్రమును త్రోయు శక్తి వారికి ఉండదు. అయితే వ్రేళ్ల కదలిక భుజబలము పోయిన తరువాతకూడ చాలకాలము నిలుచును. ఆ వ్రేళ్లే జాయ్‌స్టిక్‌ను నడుపును. అట్టి పిల్లవానికి చేతికుర్చీ నిచ్చి 'కుర్చీ ఇచ్చితిమి' అని సంతోషించుట, మఱల వానిని ఇంకొకరి చేతికి అప్పగించుటయే.

కూర్చుండు పద్ధతియు మోటారంత ముఖ్యము. కుట్టుపనివాడు కొలతలేక రవిక కుట్టడు. కుర్చీని మాత్రము మనము ఊరందఱికి ఒకే కొలతగా తెత్తుము. నడుము వెడల్పు, తొడ పొడవు, పాదము ఆను ఎత్తు కొలిచి చేయవలెను. వెడల్పెక్కువైన కుర్చీలో బలహీనుడైన పిల్లవాడు ఒకవైపునకు ఒఱగును. కండరక్షీణతచే ముందే వంగజూచు వెన్నెముక ఇంకను వంగును. ఊపిరికి ఇబ్బంది యగును. స్పర్శ తెలియనివారు గంటలకొలది ఒకే తీరున కూర్చున్నచో పుండ్లు పడును. కావుననే మంచి మెత్తయు, వీపుతోసహా వెనుకకు వాలు ఏర్పాటును విలాసములు కావు, అవసరములు.

ఈ దేశమున ఈ పని ఎవరు చేసిరి, ఎవరు చేయుచున్నారు? మన రాష్ట్రమే ఇందు గర్వపడదగినది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో డాక్టరు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత పునరావాస వైద్యము నభ్యసించి, ఆ కళాశాలలో ఆ శాఖకు అధిపతి యయ్యెను. అచ్చటి పునరావాస సంస్థ 1966లో వెలసెను. తెన్‌కాశి దగ్గఱ ఆయకుడి గ్రామమున ఎస్. రామకృష్ణన్ అమర్ సేవా సంగమును 1981లో స్థాపించిరి. ఆయన ఇంజనీరింగు విద్యార్థిగా 1975లో నౌకాదళ అధికారుల ఎంపిక పరీక్షలో పడి, మెడ క్రింద చచ్చుబడినవారు. ఆయనకు కుడిభుజముగా నిలిచిన ఎస్. శంకరరామన్ చార్టర్డ్ అకౌంటెంటు, కండరక్షీణత గలవారు. వీరిద్దఱును కుర్చీలలో కూర్చుండి పల్లెపల్లెకు పునరావాసమును చేర్చిరి. మన బాలుని వ్యాధివంటి జాతివ్యాధి గలవారు లెక్కలు చదివి, ఇతరుల జీవితములను దిద్దిరి. లెక్కలలో మొదటివాడైన మన బాలుని ఇంటిలో కూర్చుండబెట్టిన మనకు ఇది వినదగిన మాట.

మద్రాసు ఐ.ఐ.టి.లో పునరావాస పరికరముల పరిశోధనకై టి.టి.కె. పేరిట ఒక కేంద్రము కలదు. ఆచార్య సుజాతా శ్రీనివాసన్ దానికి నాయకురాలు. అచ్చట ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్ అను సంస్థతో కలసి చేసిన 'అరైజ్' అను కుర్చీ 2019లో వెలువడెను. కూర్చున్నవాడు తన చేతి బలముతో తానే నిలుచున్న స్థితికి రాగల కుర్చీ యది. ఆ కేంద్రమునుండి పుట్టిన నియోమోషన్ అను సంస్థ, వ్యక్తి కొలతకు తగినట్లు 'నియోఫ్లై' అను చేతికుర్చీని చేయును. దాని ముందు తగిలించు 'నియోబోల్ట్' అను మోటారు ముందుభాగముచే అదియే మూడుచక్రముల బండి యగును. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో వీథిలో పోవును. ఇల్లు చేరగానే ఆ భాగమును విప్పి లోనికి పోవచ్చును. ఇది 2021లో వెలువడెను. 2024లో 'నియోస్టాండ్' అను కుర్చీ వచ్చినది. మీట నొక్కగానే కూర్చున్నవానిని మోటారే నిలువబెట్టును. నల్లబల్ల ఎత్తునకు లేచి లెక్క వేయుట, బీరువాలో పైఅరనుండి పుస్తకము తీసికొనుట, ఎదుటివాని కండ్లలోనికి సమముగా చూచి మాటలాడుట, ఇవి చిన్నపనులా? కూర్చుండి తలయెత్తి చూచువానికి తెలియును.

అయినను రూపకల్పనయంతయు మద్రాసులోనే ముగియదు. అచ్చట పుట్టిన బండి మేలూరు ఇంటిలో తిరుగవలెను. మన పాత ఇండ్ల ద్వారములు ఇఱుకు. అరుగెక్కి, గడప దాటి, నడవలో మలుపు తిరిగిన గాని వంటయిల్లు రాదు. మనము నేలపై కూర్చుండి భుజింతుము. ఎత్తైన కుర్చీలోని పిల్లవాడు పంక్తిలో ఒంటరి యగును. కావున పీటను క్రిందికి దించు ఏర్పాటు మన ఇండ్లకు మేలు. వీథులలో కాలువలు, గుంటలు, వానకు బురద. చిన్న గట్టి చక్రములు దిగబడును. కొంచెము పెద్ద చక్రములు, గట్టి ఇరుసులు కావలెను. మఱియొకటి ముఖ్యము. బండి చెడినచో బాగుచేయువాడు మదురైలోనైనను దొరకవలెను. తెచ్చిన ఆఱు నెలలకు మోటారు ఆగి, భాగములు దొరకక, పాత బట్టలు ఆరవేయుటకు పనికివచ్చిన కుర్చీలను మేము కన్నులార చూచితిమి. కొనునప్పుడు రంగు చూడకుడు. బ్యాటరీ ఎక్కడ దొరకును, బాగుచేయువాడెవడు, ఎన్నాళ్లకు వచ్చునని అడుగుడు.

ఇక తల్లిదండ్రుల సందేహములు. ఇవి మేము ఇంటింట వినినవే గనుక సమాధానము చెప్పుట మా విధి.

'మోటారు కుర్చీ ఇచ్చినచో వాడు సోమరియై ఉన్న బలమును పోగొట్టుకొనడా?' అందురు. వ్యాయామము వేఱు, ప్రయాణము వేఱు. వైద్యులు చెప్పిన వ్యాయామమును ఉదయసాయంకాలములు చేయింపవలసినదే. బడికి వచ్చుటకే బలమంతయు వ్యయమైనచో చదువునకు మిగులున దేమి? మీరు మదురైకి బస్సెక్కి పోవుచున్నారు. మీ కాళ్లు సోమరులైనవా?

'చిన్నపిల్లవాడు దానిని నడుపగలడా?' అందురు. 1980వ దశకమున అమెరికాలో షార్లీన్ బట్లర్ మొదలగువారు రెండు మూడేండ్ల వయస్సు గల, నడువలేని పిల్లలకు చిన్న మోటారు కుర్చీల నిచ్చి చూచిరి. వారిలో అత్యధికులు కొద్దివారములలోనే నడుపుట నేర్చిరి. తాను తలచినచోటికి తాను పోగల శిశువునకు కుతూహలము పెరుగును; ఎత్తుకొనువారికై ఎదురుచూచు శిశువునకు ఎదురుచూచుటయే అలవడును. మన పల్లెలలో ఎనిమిదేండ్ల పిల్లవాడు ఎద్దులబండి పగ్గములు పట్టుట మీ రెఱుగనిది కాదు.

'పోలియో పోయినది గదా, ఇంకను ఈ కుర్చీలు ఎందరికి?' అందురు. మన దేశమున సహజ పోలియో క్రిమివలని చివరి రోగి 2011 జనవరిలో కనబడెను. 2014లో ఆగ్నేయాసియా ప్రాంతము పోలియోలేని ప్రాంతముగా ధ్రువీకరింపబడెను. అది గొప్ప విజయము. అయితే సెరిబ్రల్ పాల్సీ అను మస్తిష్క పక్షవాతము, కండరక్షీణత, రోడ్డు ప్రమాదములలోను చెట్లనుండి పడుటలోను దెబ్బతిన్న వెన్నుపాము, ఇవి పోలేదు. లోకమున చక్రాల కుర్చీ అవసరమైనవారు 8 కోట్లమంది యని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

'అంత డబ్బు ఎక్కడిది?' అందురు. ఇది న్యాయమైన ప్రశ్న. మోటారు కుర్చీ ధర తక్కువ కాదు. కండరక్షీణత మున్నగు వ్యాధులు గలవారికి బ్యాటరీ కుర్చీల నిచ్చు పథకము తమిళనాడు ప్రభుత్వమునకు కలదు. కేంద్రప్రభుత్వపు 'ఆడిప్' పథకము 1981 నుండి ఉన్నది. మోటారు బండ్లు 16 ఏండ్లు నిండినవారికని 2014 నాటి నియమములలో వ్రాసిరి. పదేండ్ల పిల్లవానికి ఆఱేండ్లు ఆగుమనుట, పంట ఎండిన తరువాత నీరు వదలుట వంటిది. అట్టివారికి రాష్ట్రపథకమును, దాతలను, మన సంఘమును తోడు చేసికొనవలెను. ముందుగా వైకల్య ధ్రువపత్రమును, గుర్తింపు కార్డును తీసికొనుడు. జిల్లా మాఱ్ఱుత్తిఱనాళి సంక్షేమ కార్యాలయములో దరఖాస్తు పెట్టుడు. తమిళములో దరఖాస్తు వ్రాయుటకు జంకు తల్లులకు మేము వ్రాసి ఇత్తుము.

చివరి సందేహము ఎవరును బిగ్గరగా అనరు; మనస్సులో ఉంచుకొందురు. 'నలుగురిలో చూపించుట ఎందుకు? ఇంటిపట్టున ఉండనిండు' అని. అమ్మలారా! చిత్తిరై తిరునాళ్లలో అళగరు వైగై యేటిలోనికి దిగునాడు లక్షలమంది చూచుటకు పోవుదురు. ఆ దారినే పుట్టినవాడు మీ బిడ్డ. వానికి మాత్రము కిటికీయే లోకమా?

కుర్చీ వచ్చినంతమాత్రమున పని తీఱదు. వంద కిలోల బండిని మూడు మెట్లు ఎవరు ఎక్కింతురు? తల్లి బిడ్డను ఎత్తుట మాని, బండిని ఎత్తవలసివచ్చును. కావున బడిని కూడ దిద్దవలెను. లెక్క వినుడు. మన మెట్టు ఒక్కొక్కటి 15 సెంటీమీటర్లు. మూడు మెట్లు కలసి 45. ఒక అడుగు ఎత్తునకు పండ్రెండు అడుగుల నిడివి చొప్పున వాలుదారి కట్టవలెనని నియమము. 45ను పండ్రెండుచే గుణించిన 540. అనగా 5 మీటర్ల 40 సెంటీమీటర్లు. మన ముంగిట వేపచెట్టునుండి అరుగువఱకు అంతకంటె ఎక్కువ చోటున్నది. మేము కొలిచి చూచితిమి. వాలుదారి పైనను క్రిందను బండి తిరుగుటకు ఒకటిన్నర మీటరు చదును, ప్రక్కల పట్టుకమ్ములు, 90 సెంటీమీటర్ల ద్వారము, గడప తీసివేసిన ఒక తరగతి గది, లోపల బండి తిరుగదగిన ఒక మఱుగుదొడ్డి. ఇంతే. ఐదవ తరగతి మేడమీద నున్నచో ఆ యేడు దానిని క్రిందికి దింపవలెను. బల్లల మార్పునకు సున్నము, ఇటుక అక్కఱలేదు, మనస్సు చాలు.

ఇది దయతో చేయు పనియు కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించెను. ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థలు ఇట్టి పిల్లలను భేదము లేక చేర్చుకొని, భవనములను వారికి అనువుగా చేయవలెనని అది చెప్పుచున్నది. ఆఱవ యేటినుండి పదునెనిమిదవ యేటివఱకు ఉచితముగా చదువు పొందు హక్కును, నిర్ణీత ప్రమాణమునకు మించిన వైకల్యము గల బాలునకు ఇచ్చుచున్నది.

మేము చట్టము పేరు చెప్పి మిమ్ము భయపెట్టుటకు రాలేదు. మన చరిత్రను జ్ఞాపకము చేయుటకు వచ్చితిమి. మన పెద్దలు నాయకరాజుల కాలమునుండి ఈ మదురై సీమలో నివసించుచు, చుట్టును తమిళము వినుచు, ఇంట తెలుగును నిలుపుకొనిరి. 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఎ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతి కల్పింపవలెనని చెప్పుచున్నది. మన మేమని వాదించితిమి? 'బిడ్డ బడికి తగినట్లు మాఱవలెననుట కాదు. బడియే బిడ్డకు తగినట్లు ఉండవలెను. బిడ్డ తన భాషను గడపవెలుపల విడిచి రానక్కఱలేదు' అని వాదించితిమి. ఆ న్యాయమును మనకొఱకు కోరినవారము, మన పాఠశాలలోనే ఒక బిడ్డను గడపవెలుపల నిలిపితిమి. ఇతరులు మనకు చేయరాదని చెప్పినదానిని మనమే చేసితిమి.

ఈ మేలూరు ప్రాంతమునకు పెరియారు నీరు 1895లో కట్టిన ఆనకట్టవలన వచ్చినది. అంతకుముందు ఆ నీరు లేకకాదు. పడమట సముద్రము పాలగుచుండెను. కొండను తొలిచి దారి చేసినవారు ఉండుటచే తూర్పునకు తిరిగి మన పొలములను తడిపెను. మన పిల్లలలోని తెలివియు అట్టిదే. అది లేకకాదు, దారి లేక ఇంటిమూల ఇంకిపోవుచున్నది.

కనుక ఈ సభయందు మూడు కోరికలు మీ ముందుంచుచున్నాము. ఈ యేటి భవననిధిలో మొదటి ఖర్చు ముఖద్వారమునకు రంగు కాక, వాలుదారియు మఱుగుదొడ్డియు కావలెను. పిల్లవాని కొలతలు తీయించి, వైద్యుల సలహాతో తగిన మోటారు కుర్చీని తెప్పించుటకు సంఘమువారు పూనుకొనవలెను. మీ వీథిలో ఇంటిపట్టుననున్న బిడ్డ ఎవరైన ఉన్నచో, ఏ భాషవారైనను సరే, వారి పేరును సిగ్గుపడక మాకు తెలుపవలెను.

జూన్ నెలలో బడి తెఱచునాడు ఆ బాలుడు తన వ్రేళ్లతో తానే బండి నడుపుకొని ఆ వాలుదారి ఎక్కి రావలెను. తల్లి వెనుక రావచ్చును, రాకపోవచ్చును; అది ఆమె యిష్టము. నడవలో నీళ్లకుండ ఉన్నది. దానిని కొంచెము క్రిందికి, వాని చేతికందు ఎత్తున పెట్టుదము. వాడు ఎవరినీ పిలువక పోయి, కావలసినన్ని నీళ్లు త్రాగనిండు.